నొప్పికీ నొప్పికీ మధ్య: మందు లేకుండా నా రెండో కాన్పు

అర్ధరాత్రి దాటాక 1:40కి మెలకువ వచ్చింది. నడుము చుట్టూ ఎవరో పట్టీ బిగించి, కాసేపు అలాగే ఉంచి, మెల్లగా వదిలినట్టు అనిపించింది. చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకున్నాను. 12 నిమిషాలకు మళ్లీ అదే. అంతకు ముందు రెండు వారాలుగా దొంగ నొప్పులు వస్తూనే ఉన్నాయి. అవి పక్కకు తిరిగి పడుకుంటేనో, లేచి నాలుగడుగులు వేస్తేనో సర్దుకునేవి. ఇవి సర్దుకోలేదు. వెనక నడుములో మొదలై, ముందుకు చుట్టుకొచ్చి, పొత్తికడుపులో ఆగుతున్నాయి. మూడోది వచ్చి పోయాక, ఈ రోజే అని తెలిసిపోయింది.

పక్కన మా ఆయన, మా ఇద్దరి మధ్య మూడున్నరేళ్ల పెద్దది గాఢనిద్రలో ఉన్నారు. ఎవరినీ లేపలేదు. లైటు కూడా వేయలేదు. నొప్పి వస్తే లేచి కూర్చుంటూ, పోతే మళ్లీ పడుకుంటూ నాలుగింటి దాకా గడిపాను. మధ్యమధ్యలో నిజంగానే నిద్ర పట్టింది. మొదటి కాన్పప్పుడు ఇది నాకు చేతకాలేదు.

మొదటిసారి తొలి నొప్పికే ఇల్లంతా లేచింది. బ్యాగు పట్టుకుని పరుగున ఆసుపత్రికి వెళ్లాం. అప్పటికి గర్భసంచి ముఖద్వారం 2 సెంటీమీటర్లే తెరుచుకుంది. అడ్మిట్ చేసుకుని మంచం ఎక్కించారు. నొప్పులు పెరగడానికి డ్రిప్ పెట్టారు. డ్రిప్‌తో వచ్చే నొప్పులకు మధ్యలో ఊపిరి తీసుకునే తెరిపి కూడా దొరికినట్టు గుర్తులేదు. వెల్లకిలా పడుకో, కదలకు, అరవకు, ఆ రోజు నేను ఎక్కువగా విన్న మాటలు ఇవే. 4 సెంటీమీటర్ల దగ్గర ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా వెన్నులోకి ఎక్కించే మందు, అడిగాను. అది ఎక్కాక ప్రాణం లేచొచ్చింది, రెండు గంటలు నిద్రపోయాను. ఎపిడ్యూరల్ మంచిది కాదని నేను ఎప్పటికీ అనను. ఆ రోజు నన్ను గట్టెక్కించింది అదే. కానీ ముక్కమన్నప్పుడు ఎక్కడ ముక్కాలో నాకు తెలియలేదు. మానిటర్ చూసి వాళ్లు చెబితే నేను ముక్కాను. చివరికి బిడ్డ తలకు వాక్యూమ్ కప్పు పెట్టి లాగి తీశారు. పాప బాగుంది, నేనూ బాగున్నాను. అయినా చాలా నెలలు ఒకటే తొలుస్తూ ఉండేది. నా ఒంట్లో అంత పెద్ద పని జరుగుతుంటే, ఏం జరుగుతోందో నాకు ఎవరూ చెప్పలేదు.

రెండోసారి నాకు అది తెలియాలి. నొప్పి వచ్చినప్పుడు లేచి తిరగాలి. మందు వద్దనుకోవడానికి నా దగ్గరున్న కారణం ఇంతే. ఓర్పు చూపించుకోవాలన్న పట్టుదల ఏమీ లేదు.

ఐదో నెలలో డాక్టరు గారిని అడిగాను. ఆవిడ కొట్టిపారేయలేదు. బీపీ, షుగర్ లేవు, రక్తం బాగుంది, మొదటిది సిజేరియన్ కాదు. నెలలు నిండేసరికి తల కిందికే ఉంటే అలాగే చూద్దాం అన్నారు. మూడు షరతులు పెట్టారు. ఏ మందూ ఎక్కించకపోయినా సరే, చేతి నరంలోకి మందు ఎక్కించే సన్నటి గొట్టం, కాన్యులా, మాత్రం ముందే పెట్టించుకోవాలి. రక్తం ఎక్కువ పోతే అప్పుడు నరం వెతుక్కునే టైమ్ ఉండదు. బిడ్డ గుండె చప్పుడులో తేడా వస్తే, ఆ తర్వాత వాళ్లు చెప్పింది వినాలి. బిడ్డ పుట్టాక తొడకు వేసే ఆక్సిటోసిన్ ఇంజక్షన్ వద్దనకూడదు. అది గర్భసంచి గట్టిపడి రక్తస్రావం ఆగడానికి వేసేది. మూడింటికీ సరేనన్నాను. నేను వద్దనుకున్నది నొప్పి తెలియకుండా చేసే మందు ఒక్కటే. అవసరమైన మందు వద్దనడానికి నాకు ఏ కారణమూ కనిపించలేదు.

తర్వాత నాలుగు నెలలు చదివాను. అందులో నాకు నిజంగా పనికొచ్చినవి రెండే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రసవాల మీద ఇచ్చిన సూచనల్లో అసలు నొప్పుల దశను 5 సెంటీమీటర్ల నుంచి లెక్కపెట్టింది. గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ వర్తించదని కూడా చెప్పింది. మొదటిసారి 2 సెంటీమీటర్లకే మంచం ఎక్కి, గంటగంటకూ 'ఇంకా ఇంతేనా' అనిపించుకున్న నాకు, ఇది చదివాక గుండెల మీద బరువు దిగింది. రెండోది, గ్రాంట్లీ డిక్-రీడ్ అనే ఇంగ్లండు డాక్టరు గత శతాబ్దంలో చెప్పిన మాట. భయపడితే ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకున్న ఒంటికి నొప్పి ఎక్కువ తెలుస్తుంది, ఆ నొప్పికి భయం ఇంకా పెరుగుతుంది. ఈ మాటను సాగదీసి, భయం లేకపోతే అసలు నొప్పే ఉండదని చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్లను నేను నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది. నొప్పి ఉంటుందని తెలిసే వెళ్లాను కాబట్టి, వచ్చినప్పుడు మోసపోయినట్టు అనిపించలేదు.

చేసి నేర్చుకున్నవి కూడా రెండే. ఒకటి గొంతు. పైకి అరిస్తే మెడ, దవడ, భుజాలు అన్నీ బిగుస్తాయి. దవడ వదులుగా పెట్టి, కడుపులోంచి లోతుగా 'ఊఁ' అంటూ ఊపిరి వదిలితే కింద కూడా వదులవుతుంది. రోజూ పడుకోబోయే ముందు అది సాధన చేసేదాన్ని. మా పెద్దది ఏదో ఆట అనుకుని నా పక్కన పడుకుని తనూ 'ఊఁ' అనేది, నాకంటే పొడుగ్గా. రెండోది మా ఆయన చేతులు. వెన్నెముక చివర, పిరుదులకు కొంచెం పైన త్రికోణంలా ఒక ఎముక ఉంటుంది. నొప్పి వచ్చినంతసేపూ అక్కడ అరచేతి కింది భాగంతో గట్టిగా అదిమి పట్టాలి. రుద్దకూడదు, తట్టకూడదు, కదపకుండా నొక్కి ఉంచాలి. మొదట్లో ఆయన నాకు నొప్పి పుడుతుందేమోనని సుతారంగా నొక్కేవారు. ఇంకా, ఇంకా అని చెప్పి చెప్పి, చివరికి ఆయన ఒంటి బరువంతా మోపేలా అలవాటు చేశాను.

ఇద్దరం ఒక ఒప్పందం కూడా చేసుకున్నాం. నేను ఎపిడ్యూరల్ అడిగితే ఆయన వెంటనే కాదనకూడదు, ఔననకూడదు. 'మూడు నొప్పులు చూద్దాం' అనాలి. మూడూ అయ్యాక కూడా అడిగితే, మారు మాట లేకుండా వెళ్లి చెప్పాలి.

నాలుగున్నరకు నొప్పులు ఆరు నిమిషాలకు ఒకటి చొప్పున వస్తున్నాయి. అప్పుడు లేపాను. గోరువెచ్చని నీళ్లు నడుము మీద పోసుకుంటూ స్నానాల గదిలో కాసేపు నిలబడ్డాను. ఒళ్లంతా తేలికైంది. అక్కడే ఉండిపోవాలనిపించింది కానీ, రెండో కాన్పులో చివరి భాగం చూస్తుండగానే అయిపోతుందని, ఐదు నిమిషాల ఎడం వచ్చేదాకా కూర్చోవద్దని డాక్టరు గారు ముందే చెప్పారు. పెద్దదాన్ని మా అమ్మకు అప్పగించాం. అది నిద్రలోనే ఉంది. నుదుటి మీద ముద్దు పెట్టి, ఇది ఒక్కతే పిల్లగా ఉండే చివరి రోజు అనుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. మొత్తం కాన్పులో నేను ఏడ్చింది అప్పుడే.

దారిలో కారులో కూర్చోవడం కష్టమైంది. అసలు నొప్పుల్లో కూర్చోవడమంత ఇబ్బంది ఇంకోటి లేదు. వెనక సీటులో మోకాళ్ల మీద వెనక్కి తిరిగి, సీటును కావలించుకుని వెళ్లాను.

ఆరింటికి చూసి, 5 సెంటీమీటర్లు అన్నారు. లేబర్ రూమ్‌లో ఉన్న సిస్టర్ నాకంటే చాలా పెద్దావిడ. నేను ఆవిడను ఒక్కటే అడిగాను, ఏం చేసినా చేసే ముందు చెప్పండి సిస్టర్ అని. 'అట్లాగేనమ్మా' అన్నారు. చివరిదాకా ఆ మాట తప్పలేదు. మంచం తల వైపు ఎత్తించి, దాని మీద చేతులు మోపి నిలబడమన్నారు. పావుగంటకో అరగంటకో వచ్చి, ఎలా ఉన్నదాన్ని అలాగే ఉండనిచ్చి, డాప్లర్‌తో బిడ్డ గుండె విని, ఎంత కొట్టుకుంటోందో పైకి చెప్పేవారు. 138. 144. 140. ఆ అంకెలు వింటుంటే లోపల ఇంకొకరు నాతో పాటు కష్టపడుతున్నారని ధైర్యంగా ఉండేది.

ఈ గంటన్నర గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ కాన్పులో నేను నేర్చుకున్నదంతా ఇక్కడే ఉంది.

అప్పటికి మూడు నిమిషాలకు ఒక నొప్పి వస్తోంది, ఒక్కోటి దాదాపు నిమిషం ఉంటోంది. అంటే గంటలో నొప్పి ఉండేది 20 నిమిషాలు, లేనిది 40 నిమిషాలు. ఈ లెక్క నాకు ఆ మంచం దగ్గర నిలబడ్డప్పుడే తట్టింది. మొదటి కాన్పులో ఆ మిగతా సమయం కూడా వచ్చే నొప్పికి భయపడుతూ పోగొట్టుకున్నాను. అందుకే మధ్యలో తెరిపే లేనట్టు గుర్తుండిపోయింది. ఈసారి నొప్పి పోగానే నుదురు దిండు మీద ఆనించేదాన్ని. భుజాలు దించేదాన్ని. దవడ వదిలేదాన్ని. ఒక గుక్క నీళ్లు. నా కళ్లకు ఎదురుగా మంచం కమ్మీ మీద తెల్లరంగు పెచ్చు లేచి, కింద ఇనుము కనిపిస్తోంది, చిటికెన వేలి గోరంత. ఆ పెచ్చును చూస్తూ ఊపిరి తీసుకునేదాన్ని. దాని అంచు ఏ వైపు వంకర తిరిగి ఉందో ఈరోజుకీ గీసి చూపించగలను. ఒంట్లో ఎక్కడా నొప్పి లేని ఒకటిన్నర, రెండు నిమిషాలు. ఏమీ జరగనట్టే ఉండేది. నొప్పి తెరలు తెరలుగా వస్తుందని అందరూ అంటారు. తెరకీ తెరకీ మధ్య ఉండే ఆ ప్రశాంతత గురించి ఎవరూ నాకు చెప్పలేదు.

నొప్పి మొదలవగానే ఒక్క మాటే అనేదాన్ని, 'నడుం'. ఆయన చేయి వచ్చి పడేది. నేను 'ఊఁ' అంటూ తుంటి అటూ ఇటూ ఊపేదాన్ని. ఆయన చేయి ఒక్క అంగుళం పక్కకు పడితే నొప్పి రెట్టింపయ్యేది, సరిగ్గా పడితే సగమయ్యేది. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఒకసారి ఆయన నీళ్లు తాగడానికి పక్కకు వెళ్లినప్పుడు వచ్చిన నొప్పి నాకు విడిగా గుర్తుంది. సిస్టర్ కూడా గంటకోసారి బాత్రూమ్‌కి వెళ్లి రమ్మనేవారు. మూత్రాశయం నిండి ఉంటే బిడ్డ తల దిగడానికి అడ్డమట.

7:35కి లోపల ఏదో టప్పుమన్నట్టయి, కాళ్ల వెంట వెచ్చగా ఉమ్మనీరు కారిపోయింది. సిస్టర్ వంగి చూసి, 'నీళ్లు తెల్లగా ఉన్నాయమ్మా, మంచిదే' అన్నారు. పచ్చగా ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసినట్టు, అప్పుడు మరింత జాగ్రత్తగా చూడాలి.

ఉమ్మనీరు పోయాక అంతా మారిపోయింది. 40 నిమిషాల లెక్క చెల్లలేదు. ఒక నొప్పి పూర్తిగా దిగకముందే ఇంకోటి ఎక్కేది. తొడలు వణకడం మొదలై, చలి లేకుండానే పళ్లు టకటక కొట్టుకున్నాయి. వాంతి అయింది. పాదాలు మంచులా ఉన్నాయి, ముఖానికి చెమటలు. మంచం కమ్మీ మీద ఆ పెచ్చు ఎక్కడుందో కూడా కనిపించలేదు. 'నా వల్ల కాదు, ఎపిడ్యూరల్ పెట్టించండి' అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను.

'మూడు నొప్పులు చూద్దాం' అన్నారు ఆయన. ఆ ఒప్పందం చేసుకున్నది నేనే అయినా, ఆ క్షణంలో ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది.

సిస్టర్ ముందు నాకు చెప్పి, తర్వాత లోపల చూశారు. 9 సెంటీమీటర్లు. నా ముఖానికి దగ్గరగా వచ్చి, 'ఇప్పుడు పెట్టినా అది పనిచేసేలోపు బిడ్డ నీ చేతుల్లో ఉంటుంది తల్లీ. ఈ వణుకు చూసి భయపడకు. పని అయిపోవచ్చినప్పుడే ఇట్లా వణుకుతుంది' అన్నారు. వణుకు ఆగలేదు. నొప్పి తగ్గలేదు. కానీ దాని అర్థం తెలిసింది. మొదటిసారి నాకు కావలసిందీ, ఎవరూ చెప్పనిదీ సరిగ్గా ఇలాంటి ఒక్క మాట.

మొదటి నొప్పి. రెండోది. మూడోదానిలో 'ఊఁ' అంటుండగా గొంతు మధ్యలో తెగి, నా ప్రమేయం లేకుండా ఒక మూలుగు వచ్చింది. సిస్టర్ అటు తిరిగి ఏదో సర్దుతున్నవారు వెంటనే ఇటు తిరిగారు. 'గొంతు మారింది' అని డాక్టరు గారికి కబురు పంపారు.

మోషన్ వస్తున్నట్టు, ఆపుకోలేనంత ఒత్తిడి. ఎపిడ్యూరల్ ఉన్నప్పుడు నాకు తెలియని విషయం ఇది. ముక్కడం నేను చేసే పని కాదు, ఒళ్లే చేసుకుంటుంది. వాంతి వచ్చేటప్పుడు కడుపు తనంతట తనే మెలిపెట్టి తోసేస్తుంది కదా, అదే బలం కిందికి. నేను చేయగలిగింది దానికి అడ్డుపడకుండా ఉండటమే. ఇంకో విషయం, నొప్పుల మధ్య తెరిపి మళ్లీ వచ్చింది. వణుకు కూడా తగ్గింది. మంచం మీద మోకాళ్ల మీద ఉండి, ఎత్తిన భాగాన్ని కావలించుకున్నాను. సిస్టర్ వేడినీళ్లలో పిండిన గుడ్డ కింద అదిమి పట్టుకున్నారు. చర్మం సాగడానికి అది పెద్ద సాయం.

తర్వాత మంట వచ్చింది. నొప్పి కాదు, మంటే. గుండ్రంగా, నిప్పు అంటించినట్టు. తొందరగా తోసేసి బయటపడాలనిపించింది. 'ముక్కకు, ముక్కకు. ఊదు. కొవ్వొత్తి ఆర్పినట్టు చిన్నగా ఊదు' అన్నారు సిస్టర్. ఫూ ఫూ అని ఊదాను. 'చెయ్యి పెట్టి చూడు' అన్నారు. పెట్టాను. వేళ్లకు తడిగా, మెత్తగా, ముడతలు పడి, జుట్టుతో ఏదో తగిలింది. బిడ్డ తల. తల అంటే గట్టిగా ఉంటుందనుకున్నాను, అది చేతికి తగ్గట్టు లొంగుతోంది. ఆ స్పర్శతో నాకు మంట ఉందన్న సంగతే గుర్తులేకుండా పోయింది. ఇంకొంచెం ఊదాను. తల జారింది.

తల బయట, ఒళ్లు లోపల. మళ్లీ నొప్పి వచ్చేదాకా ఆగాలి. గదిలో ఎవరూ మాట్లాడలేదు. గడియారం చప్పుడు వినిపించింది. లోపల భుజాలు తిరగడం నాకు స్పష్టంగా తెలిసింది. తర్వాతి నొప్పికి వెచ్చగా, బరువుగా మిగతా ఒళ్లంతా ఒక్కసారి వచ్చేసింది. 8:33. సిస్టర్ నా కాళ్ల మధ్య నుంచి వాడిని ముందుకు అందించారు. నేనే ఎత్తుకున్నాను.

బాబు. ఒళ్లంతా తెల్లటి మైనం లాంటి పూత. ఒక్క క్షణం కళ్లు విప్పి చూసి, తర్వాత ఏడ్చాడు. ఛాతీ మీద వేసుకుని పైన గుడ్డ కప్పారు. బొడ్డుతాడును వెంటనే కత్తిరించలేదు. కనీసం ఒక నిమిషమైనా ఆగితే మాయలో ఉన్న రక్తం బిడ్డకు చేరుతుంది. రెండు వేళ్లతో పట్టుకుని చూడమన్నారు. నా వేళ్ల మధ్య అది వాడి గుండెతో పాటే కొట్టుకుంటోంది, నీలంగా, లావుగా, మెలికలు తిరిగి. కాసేపటికి కొట్టుకోవడం నెమ్మదించి, తెల్లబడి, పలచబడి ఆగిపోయింది. అప్పుడు మా ఆయన కత్తిరించారు.

తొడకు ఇంజక్షన్ వేశారు. పావుగంటకు మాయ పడింది. సిస్టర్ దాన్ని పళ్లెంలో పరిచి, ముక్క ఏదీ లోపల ఉండిపోలేదని తిప్పి తిప్పి చూసి, నాకూ చూపించారు. రెండు కుట్లు పడ్డాయి. కుట్లకు మాత్రం తిమ్మిరి ఇంజక్షన్ అడిగి వేయించుకున్నాను. గంట తర్వాత నా కాళ్ల మీద నేనే నడిచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాను. మొదటిసారి కాళ్లు నావి అనిపించడానికి సాయంత్రమైంది.

తెలిసినవాళ్లు అడిగితే ఇదంతా చెబుతాను, దానితో పాటు ఇంకో సంగతి కూడా చెబుతాను. నాకు ఇది రెండో కాన్పు, దారి ఒకసారి తెరుచుకున్నది. బిడ్డ తల సరిగ్గా తిరిగి ఉంది. మొత్తం ఏడు గంటల్లోపే అయిపోయింది. 20 గంటలు నొప్పులు పడినా, బిడ్డ గుండె చప్పుడు ఆ 140 నుంచి తగ్గిపోయినా నేను మందు తీసుకునేదాన్నే, ఆపరేషన్‌కైనా వెళ్లేదాన్నే. కాబట్టి మందు తీసుకున్నవాళ్ల ముందు ఎవరైనా నన్ను పొగిడితే నాకు చాలా ఇబ్బందిగా ఉంటుంది. నా కేస్ షీటులో నొప్పి తగ్గించే మందు అన్నచోట 'ఏమీ ఇవ్వలేదు' అని రాశారు. మా ఆయన మణికట్టు నాలుగు రోజులు వాచి ఉంది.

నేను ముందుగా తెలుసుకోకుండా వెళ్లింది ఒక్కటే, తర్వాత వచ్చే నొప్పులు. బిడ్డ పాలు తాగుతుంటే ఆక్సిటోసిన్ ఊరి గర్భసంచి ముడుచుకుంటుంది. మొదటి కాన్పు తర్వాత ఇది పెద్దగా తెలియలేదు. రెండో కాన్పుకు బాగా తెలుస్తుందట. బాబు నోరు పెట్టగానే పొత్తికడుపు పిండేసేది. పారాసిటమాల్ ఇచ్చారు, వేసుకున్నాను.

ఇంటికి వచ్చిన రాత్రి బాబుకు పాలిస్తున్నాను. నొప్పి ఎక్కేసరికి అలవాటుగా దవడ వదిలి 'ఊఁ' అన్నాను. మా పెద్దది అవతలి గదిలో నిద్రపోతోందనుకున్నాను. కళ్లు నులుముకుంటూ వచ్చి, మంచమెక్కి, తమ్ముడి పాదం ఒక చేత్తో పట్టుకుని నా పక్కన ఒరిగింది. తర్వాతి నొప్పి వచ్చినప్పుడు నాతో పాటు తనూ 'ఊఁ' అంది, నాకంటే పొడుగ్గా.